ఆపరేషన్ తర్వాత కూడా మా చెయ్యి వదలనివాళ్లకి

కిడ్నీ మార్పిడి అయిన మావారి క్రియాటినిన్ 1.6 దగ్గర నిలబడింది. కిడ్నీ ఎంత బాగా పనిచేస్తే రక్తపరీక్షలో అంత తక్కువగా వచ్చే అంకె అది. కొన్ని వారాలుగా అటూ ఇటూ కదలకుండా అదే అంకె వస్తోంది. ఇక వారం వారం రావక్కర్లేదు, నెలకోసారి వస్తే చాలని డాక్టరుగారు అన్నారు. ఈ మాట వినాలనే ఇన్నాళ్లూ ఏమీ రాయకుండా ఆగాను. మధ్యలో ఎంతమంది ఫోన్ చేసి "ఎలా ఉందమ్మా" అని అడిగినా "పర్లేదండి" అని పెట్టేసేదాన్ని, ఈ రోజు చెప్పింది రేపటికి మారిపోయేది మరి. ఇప్పుడు కాస్త తీరిక చిక్కింది కాబట్టి అందరికీ చెప్పాల్సిన థాంక్స్ చెబుతున్నాను. పేర్లు మాత్రం పెట్టడం లేదు. సగంమంది పేర్లు పెడితే నన్ను తిడతారు, మిగతా సగంమంది పేర్లు నాకు తెలియనే తెలియవు.

విషయం తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మార్చిలో మా అత్తయ్యగారు మావారికి కిడ్నీ ఇచ్చారు. ఆపరేషన్ బాగా జరిగింది, క్రియాటినిన్ 1.1కి దిగింది, డయాలసిస్ మానేశాం, స్వీట్లు పంచాం, చుట్టాలు ఎవరి ఊళ్లకి వాళ్లు వెళ్లిపోయారు. అక్కడితో గండం గడిచిందని అందరూ అనుకుంటారు. కానీ కొత్త కిడ్నీని శరీరం ఎప్పటికీ పరాయిదిగానే చూస్తుంది. అది దాని మీద పడకుండా టాక్రోలిమస్, మైకోఫినోలేట్, స్టెరాయిడ్ వేసి రోగనిరోధక శక్తిని తగ్గించి ఉంచాలి, తగ్గించి ఉంచితే ఇన్ఫెక్షన్లు దూరతాయి, ఇన్ఫెక్షన్ వచ్చిందని ఆ మందులు తగ్గిస్తే శరీరం మళ్లీ కిడ్నీ మీద పడే ప్రమాదం ఉంటుంది. మాకు ఆ రెండూ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. జూలైలో సీఎంవీ అనే వైరస్, ఆగస్టులో రిజెక్షన్, అంటే శరీరం కిడ్నీ మీద పడడం. ఆపరేషన్ అప్పుడు సాయం చేసినవాళ్లని మర్చిపోలేదు, వాళ్లకి అప్పుడే దండం పెట్టుకున్నాను. ఈ రాసేదంతా ఆ తర్వాత వచ్చినవాళ్ల గురించి.

జ్వరం ఏ రోజు వచ్చిందో చెబితే చాలు, విశాఖ వాళ్లకి నా పరిస్థితి అర్థమైపోతుంది. సింహాచలం గిరి ప్రదక్షిణ రోజు. మేం ఉండేది గోపాలపట్నం, ఆస్పత్రేమో ఆరిలోవ దగ్గర హెల్త్ సిటీలో. మామూలు రోజుల్లో అయితే అడవివరం, ముడసర్లోవ మీదుగా వెళ్లిపోతాం. ఆ రోజు కొండ చుట్టూ 32 కిలోమీటర్లూ జనమే. మావారికి పొద్దుటి నుంచీ విరేచనాలు, రాత్రికి వణుకు మొదలై థర్మామీటరు 102 చూపించింది. ట్రాన్స్‌ప్లాంట్ అయినవాళ్లకి జ్వరం 100 దాటితే తెల్లారేదాకా చూద్దాం అనడానికి వీల్లేదు, ఏ టైమైనా ఫోన్ చేసి బయల్దేరాల్సిందే. మా వీధి చివరి ఆటో బాబాయ్ ఆ రోజు బండి తీయలేదు, భార్య ప్రదక్షిణకి వెళ్తే ఇంట్లో పిల్లలకి కాపలా ఉన్నాడు. నేను తలుపు కొట్టి రెండు మాటలు చెప్పానో లేదో, నిద్రపోతున్న పిల్లలిద్దర్నీ చెరో భుజాన వేసుకొచ్చి మా పాప పక్కన పడుకోబెట్టి ఆటో స్టార్ట్ చేశాడు.

ఎన్‌ఏడీ జంక్షన్ దాకా అడుగడుగూ జనమే. బాబాయ్ హారన్ కొట్టలేదు. తల బయటపెట్టి "పేషెంటమ్మా, పేషెంటు బాబూ, కాస్త దారి" అని గొంతు పోయేలా అరుస్తూనే ఉన్నాడు. మజ్జిగ పంచే పందిరి దగ్గరున్న కుర్రాళ్లు అది విని గ్లాసులు వదిలేసి మా ముందు పరిగెత్తారు, ఇద్దరు చెరోపక్క చేతులు చాపి జనాన్ని తప్పిస్తే మేం ఆ సందులోంచి వెళ్లాం. చెప్పుల్లేకుండా అంతదూరం నడిచి కాళ్లు బొబ్బలెక్కిన పెద్దవాళ్లు కూడా పక్కకి జరిగి "అప్పన్న చూసుకుంటాడు తల్లీ, వెళ్లు" అన్నారు. హనుమంతవాక దగ్గర మళ్లీ ఆగిపోతే ఒక కానిస్టేబుల్ గారు మాకోసం బారికేడ్ జరిపించి అవతలివైపు రోడ్డులోంచి పంపించారు. వీళ్లలో ఒక్కరి మొహం కూడా ఇప్పుడు నాకు గుర్తులేదు. ఆ మజ్జిగ పందిరి ఎవరిదో తెలిసినవాళ్లుంటే దయచేసి ఈ మాట వాళ్లకి చేరవేయండి: ఆ రాత్రి అడ్మిట్ చేశారు, రెండు రోజులకి రిపోర్టులో సీఎంవీ అని తేలింది, త్వరగా తీసుకురావడం మంచిదైందని డాక్టర్లు అన్నారు.

సీఎంవీ చాలామంది ఒంట్లో ఎప్పుడో చిన్నప్పుడు చేరి చప్పుడు చేయకుండా పడుండే వైరస్సే. మామూలు మనిషిని ఏమీ చేయదు. రోగనిరోధక శక్తి తగ్గించిన ఒంట్లో మాత్రం లేచి కూర్చుంటుంది, అందుకే మొదటి నెలల్లో అది రాకుండా ఒక మాత్ర ఇస్తారు. మావారికి ఆ మాత్ర ఆపిన కొద్ది రోజులకే వచ్చింది. ముందు సెలైన్లో మందు, తర్వాత వాల్‌గాన్‌సైక్లోవిర్ మాత్రలు. ఒక్కో మాత్ర ధర వందల్లో ఉంటుంది, పైగా ఊళ్లో అన్ని షాపుల్లోనూ దొరకదు. ఇక్కడ మా మెడికల్ షాపు అన్నయ్య గురించి చెప్పాలి. మహారాణిపేటలో హోల్‌సేల్ వాళ్ల దగ్గర స్టాకు వచ్చిందో లేదో పొద్దున్నే కనుక్కుని, తన స్కూటీ మీద తెచ్చి, కొన్న రేటుకే ఇచ్చేవాడు. "లాభం నీ దగ్గరేంటమ్మా, ఆయన మళ్లీ డ్యూటీకెళ్లాక సబ్బులు, షాంపూలు నా దగ్గర కొనండి" అనేవాడు. అంతకంటే పెద్ద సాయం ఇంకోటి చేశాడు. ఒళ్లు నొప్పులని దగ్గర్లో ఒక క్లినిక్‌కి వెళ్తే అక్కడ నొప్పుల మాత్ర రాశారు. ఆ చీటీ చూసి అన్నయ్య మందు ఇవ్వనన్నాడు. ఆ రకం నొప్పుల మాత్రలు కిడ్నీకి మంచివి కావు, మీ డాక్టరుగారికి ఫోన్ చేయండి, ఆయన వేయమంటే అప్పుడిస్తానన్నాడు. చేశాం. అస్సలు వద్దన్నారు.

డయాలసిస్ రోజుల్లో పరిచయమైన కవిటి అక్క లేకపోతే నాకు సగం విషయాలు తెలిసేవి కావు. వాళ్లది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కవిటి. ఆ పక్క ఊళ్లలో షుగరూ బీపీ లేనివాళ్లకి కూడా కిడ్నీలు పోతున్నాయి, ఎందుకో ఇన్నేళ్లయినా తేల్చి చెప్పలేకపోతున్నారు. ఇప్పుడు పలాసలో కిడ్నీ ఆస్పత్రి ఉంది, 2023 డిసెంబర్లో తెరిచారు. వాళ్లాయన జబ్బు పడినప్పుడు అది లేదు, అన్నిటికీ విశాఖే రావాలి. వాళ్లాయనకి ట్రాన్స్‌ప్లాంట్ మాకంటే చాలా ముందే అయింది. అక్క పెద్దగా చదువుకోలేదు గానీ ఆవిడ పెట్టే నోట్‌బుక్ చూస్తే కళ్లు చెమర్చుతాయి. రోజూ పొద్దున బరువు, జ్వరం, బీపీ, తాగిన నీళ్లెన్ని, వచ్చిన మూత్రం ఎంత, మాత్ర వేసిన టైము. బరువు ఒక్కసారిగా పెరిగినా మూత్రం తగ్గినా ఒంట్లో నీరు ఆగుతోందని అర్థం, అంకెలు చూసి భయపడకు గానీ రాయడం మానకు అని నేర్పింది. ఆగస్టులో బరువు పెరగడం ఆ నోట్‌బుక్‌లోనే ముందు కనబడింది. మావారికి నొప్పి లేదు, జ్వరం లేదు, హాయిగా టీవీ చూస్తున్నారు. టెస్టు చేయిస్తే క్రియాటినిన్ 2.4.

రక్తంలో టాక్రోలిమస్ మందు ఎంత ఉందో చూసే టెస్టు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దానికి మా ల్యాబ్ కుర్రాడి అవసరం ఉంది. రాత్రి ఎనిమిదికి మాత్ర వేస్తే పొద్దున ఎనిమిదికి, తర్వాతి మాత్ర వేయబోయే ముందే రక్తం తీయాలి. ఆలస్యమైతే మాత్ర ఆలస్యం, మాత్ర వేసి తీస్తే అంకె పనికిరాదు. విరేచనాలు పడితే మందు కొట్టుకుపోయి తగ్గుతుందని అనిపిస్తుంది గానీ దీని లెవెల్ అప్పుడు పెరగొచ్చట, మావారికి చేతులు వణికేది అందుకే. కాబట్టి ఆ రోజుల్లో మాటిమాటికీ టెస్టే. ఆ అబ్బాయి కంచరపాలెం నుంచి వర్షంలో కూడా రెయిన్‌కోటు కారుకుంటూ ఎనిమిదికి ముందే గుమ్మంలో ఉండేవాడు. డిగ్రీ చదువుకుంటూ చేస్తున్నాడు. నాన్నా, నీ పరీక్షల రోజున కూడా వచ్చావని తర్వాత తెలిసింది, ఇంకెప్పుడూ అలా చేయకు.

బయాప్సీ చేశారు, అంటే కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం. కొత్త కిడ్నీని పొత్తికడుపు దగ్గర, ముందువైపు పెడతారు కాబట్టి వెల్లకిలా పడుకోబెట్టి స్కాన్ చూసుకుంటూ సూది వేస్తారు, ఆ తర్వాత గంటలకొద్దీ కదలకుండా పడుకోవాలి. రిపోర్టు రిజెక్షన్ అని వచ్చింది. నాకు మావారి కంటే అత్తయ్యగారికి ఎలా చెప్పాలా అని టెన్షన్. ఆవిడ అప్పటికే రోజూ "నాది ముసలి కిడ్నీ, అందుకే పనిచేయట్లేదు, వాడికి పనికిరాని సామాను ఇచ్చాను" అని గొణుక్కుంటున్నారు. మా ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్ మేడమ్ డ్యూటీ అయిపోయాక అత్తయ్యగారి పక్కన కూర్చుని, కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. "అమ్మా, మీ కిడ్నీకి ఏ లోపమూ లేదు. మీ అబ్బాయి రక్తంలో కాపలా కాసే కణాలు దాన్ని దొంగ అనుకుంటున్నాయి, వాటికి మందిచ్చి కూర్చోబెడతాం." అత్తయ్యగారు ఆ బొమ్మ ఇంటికి తెచ్చి బీరువా తలుపుకి అంటించారు. మేడమ్, మీరు ఆవిడ సొంత చెకప్ కూడా గుర్తుపెట్టుకుని ఫోన్ చేస్తారు. కిడ్నీ ఇచ్చినవాళ్లని కూడా ఏటా చూపించుకోవాలన్నది కిడ్నీ పుచ్చుకున్నవాళ్ల హడావిడిలో అన్ని ఇళ్లలోనూ మర్చిపోతారు.

రిజెక్షన్‌కి పెద్ద డోసు స్టెరాయిడ్ సెలైన్లో ఎక్కించారు. కిడ్నీ దారికొచ్చింది గానీ షుగర్ 400 దాటింది, నిద్ర కరువైంది, ఎప్పుడూ గొంతెత్తని మనిషి నర్సులందరి మీదా, నా మీదా విరుచుకుపడ్డారు. తిండి ప్లేటు విసిరేసిన రాత్రి నేను కారిడార్లో కూర్చుని ఏడుస్తుంటే నైట్ సిస్టర్ వచ్చి "తిడుతోంది మీవారు కాదక్కా, స్టెరాయిడ్. డోసు తగ్గితే మనిషి తిరిగొస్తాడు" అని, తన టీ నాకిచ్చి, లోపలికెళ్లి ఆయనతో తెల్లవారుజాము దాకా క్రికెట్ మాట్లాడింది. ఆ అమ్మాయికి క్రికెట్ ఇష్టం లేదని మర్నాడు నవ్వుతూ చెప్పింది. మావారు ఇప్పుడు ఆ రోజులు తలుచుకుని సిగ్గుపడుతున్నారు. వార్డులో అందరికీ తన తరఫున సారీ చెప్పమన్నారు, చెప్పేశాను.

హిమోగ్లోబిన్ పడిపోయినప్పుడు గాజువాక నుంచి వచ్చిన కుర్రాళ్లు ఓ నెగెటివ్ రక్తం ఇచ్చారు. కిడ్నీ మార్చినవాళ్లకి తెల్లకణాలు వడకట్టిన రక్తమే ఎక్కిస్తారు, దానికి టైం పడుతుందంటే అంతసేపూ కింద బెంచీ మీద కూర్చున్నారు. కొబ్బరిబోండాం కూడా ముట్టలేదు. డబ్బు విషయంలో మా స్కూలు వాళ్లు చేసింది ఇక్కడ రాస్తే హెచ్‌ఎం గారికి కోపం వస్తుంది, అందుకని రాయను. చిట్టీ పాట నాకు వదిలేసిన నలుగురు టీచర్లూ మాత్రం ఇది చదువుతారని తెలుసు. సంక్రాంతి నుంచి ఇవ్వడం మొదలుపెడతాను, వద్దనకండి.

ఇంకొకళ్లున్నారు, రానివాళ్లు. చూడ్డానికి రాకపోతే బాగోదని మన దగ్గర ఎంత పట్టింపో తెలుసు కదా. జలుబు చేసిందని గేటు బయటే ఆగి చెయ్యి ఊపి వెళ్లిపోయిన మావారి స్నేహితుడు, పళ్లబుట్ట తేవడానికి ముందు "ఏం తినొచ్చు" అని ఫోన్ చేసిన మా పెద్ద ఆడపడుచు (పంపరపనస ఈ మందులకి పడదు, అదే తేబోయిందట), మేనల్లుడి పెళ్లికి మేం రాలేదని ఒక్క మాట కూడా అనని మా చిన్నమావయ్యగారు, విషయం తెలిశాక మావారికి తీర్థం ఇవ్వకుండా శఠగోపం మాత్రం పెట్టే రామాలయం పూజారిగారు, వీళ్లందరికీ వేరేగా దండం పెట్టాలి. మనసు కష్టపెట్టుకోకుండా దూరంగా ఉండడం అందరికీ చేతకాదు. చేతకానివాళ్లు కూడా వచ్చారు, మాస్కు పెట్టుకోమంటే "మాకేం రోగాలు లేవమ్మా" అన్నారు. వాళ్ల గురించి ఇంకేమీ రాయను, ఇది థాంక్స్ చెప్పే చోటు.

ఇప్పుడు సంగతేమిటంటే, 1.1కి మళ్లీ రాకపోవచ్చని డాక్టరుగారు చెప్పారు, 1.6తో కూడా చాలా ఏళ్లు బతకొచ్చన్నారు. సీఎంవీ టెస్టు ఇంకొన్నాళ్లు చేయిస్తూ ఉండాలి. ఇన్సులిన్ డోసు తగ్గుతోంది. మావారు వచ్చే నెల నుంచి సగం పూట డ్యూటీకి వెళ్తారు, బస్సులో కాదు, మన ఆటో బాబాయ్‌తోనే.

చివరగా ఒక పని ఉంది. ఆస్పత్రి రోజుల్లో మా పాపకీ అత్తయ్యగారికీ రోజుకొకళ్లు భోజనం పంపారు, ఎదురింటి పిన్నిగారు వరసలు వేసి నడిపించారు కాబట్టి ఎవరు ఏ రోజు పంపారో నాకు సరిగ్గా తెలియదు. ఆ కేరియర్లు కొన్ని మా ఇంట్లోనే ఉండిపోయాయి. ఒకదాని మూత మీద ఎస్‌వీ అని చెక్కించి ఉంది, ఒకదానికి పిడి ఊడిపోతే నేను కొత్తది వేయించాను, ఇంకోటి పచ్చ మూత ప్లాస్టిక్ డబ్బా, అందులో వచ్చిన ముద్దపప్పు గురించి మా పాప ఇప్పటికీ చెబుతుంది. ఎవరివో వాళ్లు సాయంత్రం ఆరు దాటాక వచ్చి తీసుకెళ్లండి, నేను ఇంట్లోనే ఉంటాను. జలుబుంటే గేటు దగ్గర నుంచే పిలవండి, తెచ్చిస్తాను.