సమ్మె నోటీసులో మొదటి డిమాండ్ నీళ్లదే కావాలి

సంపాదకులకు నమస్కారం.

టీచర్లు సమ్మె ఆలోచనలో ఉన్నారన్న వార్త వచ్చిన దగ్గర్నుంచి "ఉన్న జీతాలు చాలవా?" అని అడగని చుట్టం లేదు. నేను 19 ఏళ్లుగా ప్రభుత్వ బడిలో లెక్కలు చెబుతున్నాను. వచ్చే వారం మా సంఘంలో సమ్మె మీద ఓటింగ్ ఉంది. ఇంకా ఎటూ తేల్చుకోలేదు. అందుకే ఈ ఉత్తరం.

నా ఏడో తరగతిలో 61 మంది పిల్లలు. ముగ్గురికని చేసిన బెంచీ మీద ఐదుగురు కూర్చుంటారు. చివర కూర్చున్న పిల్లకి సగం ఒళ్లు బయటే. ఒక కాలు నేలకు అదిమిపెట్టి, నోట్‌బుక్ మోకాలి మీద పెట్టుకుని రాస్తుంది. దశాంశాలు కూడాలంటే చుక్క కింద చుక్క రావాలి కదా, ఆ పిల్లకి చుక్కలన్నీ పక్కకు జారిపోయేవి. అజాగ్రత్త అనుకుని రెండుసార్లు కసిరాను. ఒకరోజు నా టేబుల్ దగ్గర కూర్చోబెట్టి రాయిస్తే చుక్కలు గీత గీసినట్టు వచ్చాయి. ఆ కసురుకోవడం గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఇంకో అమ్మాయి బడిలో ఉన్నంతసేపూ చుక్క నీళ్లు ముట్టదు. మరుగుదొడ్డిలో కుళాయి ఉంది, నీళ్లు రావు. నీళ్లు తాగితే వెళ్లాల్సి వస్తుందని ఆ పిల్ల భయం. ఆఖరి పీరియడ్‌కి తలనొప్పంటూ బెంచీ మీద తల వాల్చేస్తుంది. మూడేళ్లలో ఐదు అర్జీలు పెట్టాం. ఒక్కదానికి మాత్రం "పరిశీలనలో ఉంది" అని జవాబొచ్చింది.

సమ్మె అంటే జీతాల కోసమే అనుకునేవాళ్లకు 2019 జనవరిలో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ టీచర్లు చేసిన సమ్మె గురించి చెప్పాలి. 30 వేల మందికి పైగా ఆరు బడి రోజులు సమ్మె చేశారు. వాళ్లకు దక్కిన 6 శాతం జీతం పెంపు దాదాపుగా సమ్మెకు ముందే ఇస్తామన్నదే. సమ్మె చేసి సాధించుకున్నవి వేరు. తరగతుల్లో పిల్లల సంఖ్య ఏటా కొంత తగ్గించడం, ప్రతి బడికీ పూర్తికాలం నర్సు, హైస్కూళ్లలో లైబ్రేరియన్లు. మా నోటీసులోనూ వరస అలాగే ఉండాలని సంఘం మీటింగ్‌లో అడిగాను. నీళ్లు, గదులు, పిల్లల సంఖ్య ముందు రావాలి, జీతం చివరన ఉండాలి. జీతం అడగడం తప్పని నేననను. అయితే అది మొదట కనిపిస్తే జనం కింది లైన్లు చదవరు.

సమ్మెకు భయపడే తల్లిదండ్రులు చెప్పేదాంట్లో అబద్ధం లేదు. బడిలో ఉండగా ఎక్కువ సమ్మె రోజులు చూసిన పిల్లలు పెద్దయ్యాక కొంత తక్కువ సంపాదిస్తున్నారని అర్జెంటీనా మీద 2019లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అక్కడి సమ్మెలు ఏళ్ల తరబడి, మళ్లీ మళ్లీ జరిగినవి. అందుకే రెండు విషయాలు నోటీసులోనే రాయమంటున్నాను. సమ్మె ఇన్ని రోజులే అని ముందే చెప్పాలి. పోయిన ప్రతి పీరియడ్‌నీ సెలవు రోజుల్లో మేమే చెప్పి తీర్చాలి. బడిలో పెట్టే భోజనం మీదే ఆధారపడ్డ పిల్లల సంగతీ ముందే చూసుకోవాలి. 2018లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్ర టీచర్లు సమ్మెకు దిగే ముందు అలాంటి పిల్లల కోసం తిండి పొట్లాలు కట్టి పంపారు. ఆ పని మేమూ చేయగలం.

మాట్లాడుకుని తేల్చుకునే దారులన్నీ మూసుకుపోతే, మిగతా సంఘాలకున్న హక్కులే టీచర్ల సంఘాలకూ ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌ఓ), యునెస్కో 1966లోనే సిఫార్సు చేశాయి. ఐదు అర్జీల తర్వాత మాకు ఇంకే దారి మిగిలిందో సమ్మె వద్దనేవాళ్లు చెబితే వింటాను.

ఓటింగ్‌కి ఇంకా వారం టైముంది. ఈలోగా ఆ కుళాయికి నీళ్లు వచ్చి, అదనపు గదుల పని ఫలానా తేదీన మొదలుపెడతామని అధికారులు కాగితం మీద రాసిస్తే, సమ్మె వద్దని మొదట చేయెత్తేది నేనే.

ఇట్లు,
ఒక ప్రభుత్వ పాఠశాల లెక్కల టీచర్