నెన్నెల ఎర్రమట్టిలో దొరికిన తొడ ఎముక గురించి

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరమూ, దాంతోపాటు నువ్వు పంపిన బోర్డు నమూనా కూడా చేరాయి. స్కూలు వరండా గోడ మీద మన ప్రాంతపు డైనోసార్లను పెట్టాలన్న ఆలోచన నాకు చాలా నచ్చింది. బెల్లంపల్లి, మంచిర్యాల పిల్లలకు నేల కింద బొగ్గుందని తెలుసు. ఆ బొగ్గు పొరల మీద పేరుకున్న ఎర్రమట్టిలో ఏముందో చెప్పేవాళ్ళే తక్కువ.

పెయింటరుకి అడ్వాన్స్ ఇచ్చేలోపు ఒక్క వాక్యం మార్చరా. "తెలంగాణ తొలి మాంసాహార డైనోసార్ అల్వాకేరియా" అని రాశావు. ఇందులో "డైనోసార్" అన్న మాటకు కొంత ఆధారం ఉంది. "మాంసాహార" అన్న మాటకు చాలా తక్కువ. ఎందుకో చెప్తాను, ఓపిగ్గా చదువు.

దాని పూర్తి పేరు అల్వాకేరియా మలేరియెన్సిస్. పిల్లలు మలేరియా జ్వరం అనుకుంటారు కాబట్టి అది మలేరి అనే ఊరి పేరని ముందే చెప్పు. నెన్నెల దగ్గర, మలేరి శిలాపొరల కింది భాగంలో దొరికింది. వయసు దాదాపు 23 కోట్ల సంవత్సరాలు, అంటే ట్రయాసిక్ యుగం చివరి భాగం. ఉన్న నమూనా ఒక్కటే. కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఐఎస్ఐ ఆర్306 అన్న నంబరుతో ఉంది. అందులో ఉన్నవి ఇవీ: పైదవడ, కిందదవడల ముందు భాగాలు, విరిగిన వెన్నుపూసలు 28, ఒక తొడ ఎముకలో ఎక్కువ భాగం, ఒక చీలమండ ఎముక. అంతే. చెయ్యి లేదు, కటి ఎముక లేదు, పుర్రె వెనక భాగం లేదు.

ఈ గుప్పెడు ఎముకల్లో ముందు తొడ ఎముకను చూడు. బల్లి తొడ ఒంటికి పక్కగా చాచుకుని ఉంటుంది. డైనోసార్ కాలు స్తంభంలా నేరుగా ఒంటి కిందకి దిగుతుంది. అందుకే తొడ ఎముక పైకొన, అంటే తల, లోపలి వైపుకి తిరిగి కటి గుంటలో కూర్చుంటుంది. చేతికర్ర వంపుని ఊహించుకో. ఎముక వెనక వైపు, కాస్త కిందగా, ఒక గట్టు లేచి ఉంటుంది. తోక నుంచి వచ్చి కాలిని వెనక్కి లాగే పెద్ద కండరం అక్కడ అతుక్కునేది. పిల్లలకి చూపించడానికి నిజమైన శిలాజం అక్కర్లేదు, ఆదివారం కోడికూర వండినప్పుడు తొడ ఎముకను ఉడకబెట్టి శుభ్రం చేసి ఉంచు. తల పక్కకి తిరిగి ఉండటం అందులోనే స్పష్టంగా కనిపిస్తుంది.

రెండోది చీలమండ ఎముక. సైజు చిన్నదే అయినా చాలా సంగతి చెబుతుంది. మొసలి చీలమండలో రెండు ఎముకలు ఒకదానిమీద ఒకటి తిరుగుతాయి, మేకు గుంటలో తిరిగినట్టు. డైనోసార్‌లో ఆ రెండూ కాలి ఎముకకే బిగుసుకుపోయి, పాదం మొత్తం తలుపు బందు మీద ఆడినట్టు ఒకే గీత మీద ముందుకీ వెనక్కీ ఆడుతుంది. ఆ బిగింపు కోసం ఈ ఎముక మీద ఒక ముక్క నాలుకలా పైకి లేచి కాలి ఎముకకి ఆనుకుంటుంది. ఎవరైనా "ఇది డైనోసార్ చీలమండ" అన్నారంటే ముందు చూడాల్సింది ఆ నాలుకనే.

ఇక దవడలు. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ముందు పళ్ళు సన్నగా, నిటారుగా ఉన్నాయి. వెనక్కి పోయేకొద్దీ కొడవలిలా వంగాయి. వంపు చూడగానే మాంసాహారి అనాలనిపిస్తుంది. కానీ పళ్ళ అంచులకి రంపపు గాట్లు లేవు. మాంసం కోసే తొలి డైనోసార్లలో ఆ గాట్లు మామూలుగా ఉండేవే. గాట్లు లేని, రెండు రకాల పళ్ళున్న నోరు పురుగుల్ని, చిన్న బల్లుల్ని, బహుశా ఆకునీ అలమునీ కూడా తినగలదు. అందుకే "మాంసాహారి" అని బోర్డు మీద అచ్చు కొట్టొద్దంటున్నాను.

అంతకన్నా పెద్ద ప్రశ్న ఇంకోటి ఉంది: ఆ దవడలు ఈ కాలుకి సంబంధించినవేనా? 1987లో శిలాజ శాస్త్రవేత్త శంకర్ ఛటర్జీ దీన్ని వర్ణించినప్పుడు అన్నీ ఒకే జంతువు ఎముకలుగా తీసుకుని, థెరోపాడ్ల, అంటే రెండు కాళ్ళ మీద నడిచే, ఎక్కువగా మాంసం తినే డైనోసార్ల వంశంలో మొదట్లో పుట్టినదని రాశారు. 2005లో క్రిస్టియన్ రెమెస్, ఆలివర్ రౌహుట్ మళ్ళీ పరిశీలించి ఇది కలగాపులగం అని తేల్చారు. తొడ ఎముక, చీలమండ డైనోసార్‌వే. మిగతావాటిలో కొన్ని వేరే సరీసృపాలవి. మెడ పూసల్లో కొన్ని పొడుగు మెడ సరీసృపాలని పోలి ఉన్నాయి.

ఇలా ఎందుకు జరుగుతుందో పిల్లలకి తప్పకుండా చెప్పు, నా దృష్టిలో బోర్డు మీది బొమ్మ కంటే ఇదే ముఖ్యం. మలేరి ఎర్రమట్టి పొడిగా ఉంటే రాయిలా ఉంటుంది, వానకి విచ్చుకుని బురదై జారిపోతుంది. జారినప్పుడు దాంట్లోని ఎముకలు చిన్న చిన్న వంకల్లోకి చేరతాయి. నీరు బరువునీ సైజునీ బట్టే మోస్తుంది కాబట్టి ఒకే పరిమాణం ఉన్నవన్నీ ఒక చోట ఆగుతాయి, అవి ఎవరివైనా సరే. జానెడు స్థలంలో చిన్న దవడ, చిన్న పూస, చిన్న కాలి ఎముక కనిపిస్తే ఒకే జీవి అనిపించడం సహజం. మలేరి పొరల్లోనే మలేరిసారస్ అనే సన్నటి పొడుగు మెడ సరీసృపం కూడా ఉండేది. దాని అస్థిపంజరాలు దొరికిన చోటు తెలిస్తే ఆశ్చర్యపోతావు: మొసలిలాంటి పారాసూకస్ కడుపు భాగంలో! ఆ నేల మీద చిన్న జంతువులు ఎంత దగ్గరదగ్గరగా కలిసిపోయాయో దీన్నిబట్టి ఊహించుకో.

అయితే పలు జంతువుల ఎముకలు కలిపి నిలబెట్టడం దానంతటదే తప్పు కాదు. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో మీ పిల్లలు చూసే కోటసారస్ అస్థిపంజరం కనీసం 12 జంతువుల 840 ఎముకల్లోంచి కూర్చినదే. కానీ అవన్నీ ఒకే జాతివి, ఒకే ఎముక చాలాసార్లు దొరికింది కాబట్టి పోల్చి చూసుకునే వీలుంది. ఆర్306కి ఆ అదృష్టం లేదు. అన్నట్టు, ఈ రెంటినీ నీ బోర్డులో ఒకే కాలంలో పెట్టావు, అది కూడా మార్చు. కోటసారస్ శాకాహారి, కోట శిలాపొరలది, జురాసిక్ యుగానిది. కోట్ల సంవత్సరాల తరవాతది.

పేరు కథ నీకు నచ్చుతుంది, పిల్లలకీ చెప్పు. ఛటర్జీ మొదట పెట్టిన పేరు వాకేరియా. స్కాట్లండ్‌లోని ఎల్గిన్ ఇసుకరాళ్ళలో దొరికిన ట్రయాసిక్ సరీసృపాల మీద పనిచేసిన అలిక్ వాకర్ గౌరవార్థం. తీరా చూస్తే ఆ పేరు అప్పటికే బ్రయోజోవా అనే చిన్న సముద్ర జీవుల్లో ఒకదానికి ఉంది. ఒక పేరు రెండు జంతువులకి ఉండకూడదన్నది నియమం. అందుకని 1994లో ఛటర్జీ, బెన్ క్రైస్లర్ కలిసి ముందు "అల్" చేర్చారు. ఎల్గిన్‌కీ మనకీ చుట్టరికం ఈ పేరుతోనే ఆగలేదు. చిలక ముక్కులాంటి మూతితో, పంది అంత సైజు ఉండే హైపరోడపెడాన్ అనే రింకోసార్ వర్గపు జంతువు మలేరిలోనూ ఎల్గిన్‌లోనూ దొరికింది. బ్రెజిల్, అర్జెంటీనాల్లోనూ దాని చుట్టాలున్నాయి. ఖండాలన్నీ కలిసి ఉన్న రోజులవి. రాయికి వయసు చెప్పే అగ్నిపర్వత బూడిద పొర చేతికి అందని చోట, ఈ జంతువే పొరల వయసు పోల్చుకోవడానికి కొలబద్ద.

ఇప్పుడు నీ బోర్డుకి కావలసిన అసలు కబురు. "తెలంగాణ తొలినాటి మాంసాహార డైనోసార్" అని రాయాలనే ఉంటే మలేరిరాప్టర్ కుట్టీ గురించి రాయి. 2025లో పేరు పెట్టారు. మలేరి పై పొరల్లోది, వయసు దాదాపు 22 కోట్ల సంవత్సరాలు. దీనికీ పూర్తి అస్థిపంజరం లేదు, వెన్నుపూసలూ కటి ఎముకలే. కానీ కటి ఎముక మీద గుర్తులు చాలా ఉంటాయి, వాటిని బట్టి ఇది అర్జెంటీనా హెర్రెరాసారస్ వర్గానిదని తేల్చారు. ఆ వర్గం మాంసాహారులదే. పేరులోని కుట్టీ, ఈ ఎముకల్ని సేకరించిన ఐఎస్ఐ భూగర్భ శాస్త్రవేత్త టి.ఎస్. కుట్టీ. ఎముకలు బీరువాలో కొన్ని దశాబ్దాలు ఉన్నాయి. పేరు ఆలస్యంగా వచ్చినా గట్టిగా వచ్చింది.

పిల్లల్ని నెన్నెల వైపు తీసుకెళ్తానన్నావు కదా. వానాకాలం అయ్యాక వెళ్ళు, కొత్తగా కోసుకుపోయిన వంకల్లో తాజా మట్టి బయటపడి ఉంటుంది. ఎర్రమట్టిలో తెల్లటి సున్నపు గడ్డలు తెగ కనిపిస్తాయి, పిల్లలు ప్రతిదాన్నీ ఎముకే అంటారు. విరిగిన అంచుని పదింతలు పెద్దగా చూపే భూతద్దంతో చూడమను. గడ్డ లోపల ఒకే ముద్దలా ఉంటుంది. ఎముకలో స్పాంజిలాంటి గూళ్ళో, బయట పలచటి గట్టి పెంకో కనిపిస్తుంది. చిన్న డైనోసార్ కాలి ఎముక అయితే గొట్టంలా బోలుగా ఉంటుంది. అంత పలచని గోడ కాబట్టే అవి నుజ్జయిపోతాయి. రింకోసార్ దవడ మిగిలిన చోట చిన్న డైనోసార్ కాలు మిగలదు.

ఏదైనా కనిపిస్తే చేత్తో పీకొద్దు. ముందు స్కేలు పక్కన పెట్టి ఫొటో, తరవాత ఫోన్‌లో లొకేషన్, ఎముక పొరలో దిగి ఉందా లేక పైన జారి పడి ఉందా అన్న మాట నోట్‌బుక్కులో. ఈ చివరి మాట రాసి ఉండకపోతే ఎంత మంచి ఎముకైనా ఆర్306లాగే అనుమానంతో బతకాల్సి వస్తుంది. తరవాత హైదరాబాద్‌లోని జియలాజికల్ సర్వే ఆఫీసుకి కబురు చెయ్యి. తవ్వడం వాళ్ళ పని. వాళ్ళెలా తీస్తారో మాత్రం చెప్పొచ్చు: పగుళ్ళున్న ఎముకకి అసిటోన్‌లో కరిగించిన పారలాయిడ్ బి-72 అనే జిగురుని పలచగా, 5 నుంచి 10 శాతం, చుక్కచుక్కగా పోస్తారు. చిక్కగా పోస్తే లోపలికి ఇంకక పైన మెరుపు పొరలా ఆగిపోతుంది. ఎముక చుట్టూ మట్టి ఉంచే తవ్వి, తడి టిష్యూ కాగితం కప్పి, దాని మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ముంచిన గోనె పీలికలు చుడతారు. ఆ కాగితం మర్చిపోతే ప్లాస్టర్ ఎముకకే అంటుకుని, విప్పేటప్పుడు పెంకు ఊడొస్తుంది. పైన ఉత్తర దిక్కు బాణం, నంబరు రాస్తారు.

చిన్న ఎముకల కోసం మట్టి కడిగే పని మీ స్కూల్లో మామూలు మట్టితోనే చూపించొచ్చు. బంకమట్టిని ముందు పూర్తిగా ఎండబెట్టాలి. తడిది నీళ్ళలో వేస్తే ముద్దగానే ఉంటుంది, ఎండినది బుడగలొదిలి తనంతట తనే విచ్చుకుంటుంది. పైన 2 మిల్లీమీటర్ల జల్లెడ, కింద అర మిల్లీమీటరుది పెట్టి టబ్బులో పైకీ కిందకీ ఆడించాలి. వేళ్ళతో రుద్దితే గుండుసూది మొనంత పన్ను పొడైపోతుంది. మిగిలినది ఆరబెట్టి, తడి బ్రష్ కొనతో ఒక్కొక్క గింజా ఏరాలి. ఏ పొర మట్టి ఏ సంచిలో ఉందో చీటీ సంచి లోపల ఒకటి, బయట ఒకటి ఉండాలి, బయటిది ఎలాగూ చిరుగుతుంది.

ఇక బోర్డు. అల్వాకేరియా కింద ఇలా రాయించు: "తెలంగాణలో దొరికిన అతి పాత డైనోసార్లలో ఒకటి. తొడ ఎముక, చీలమండ ఎముక డైనోసార్‌వే. దవడలు, వెన్నుపూసల్లో కొన్ని వేరే జంతువులవి కావచ్చు." బొమ్మలో నీ పెయింటరు వేసిన చిన్న టైరనోసారస్ వద్దు. రెండు కాళ్ళ మీద నడిచే, తోకతో కలిపి మీటరు, మీటరున్నర ఉండే సన్నటి జంతువు నీడ ఒకటి వేయించి, అందులో ఆ రెండు ఎముకలకి మాత్రమే ముదురు రంగు వేయించు. మిగతాదంతా లేత బూడిద రంగులో వదిలెయ్యమను. పక్కన మలేరిరాప్టర్‌కీ అలాగే, కటి భాగమూ వెన్నుపూసలూ ముదురుగా.

రంగులు వేసే ముందు పెన్సిల్ గీతల ఫొటో పంపు, కాలి కీళ్ళు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి చెప్తాను. చెల్లెమ్మని అడిగానని చెప్పు, అమ్మకి నా నమస్కారాలు.

నీ
రాజు