వేయించిన తేదీ ఏది?

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లో ఎస్ప్రెస్సో కాఫీ కోసం వేలు పోసి యంత్రం కొన్నవారు, రుచి కుదరకపోతే ఆ యంత్రాన్నే తప్పుపడతారు. నేనూ అదే చేశాను. నిజానికి 18 గ్రాముల పొడిలోంచి సుమారు 9 బార్ల ఒత్తిడితో వేడినీరు 25 నుంచి 30 సెకన్లలో 36 గ్రాముల చిక్కటి కాఫీగా దిగాలంటే, తాజా గింజలను, అంటే ఈమధ్యే వేయించినవాటిని, అప్పటికప్పుడు సన్నగా మర పట్టుకోవాలి. పొడి బరకగా ఉంటే నీరు పరుగున దిగి పులుపెక్కుతుంది, మరీ మెత్తనైతే చేదెక్కుతుంది. (మన ఫిల్టర్ కాఫీకి నప్పే చికోరీ మిశ్రమం ఇందుకు నప్పదు.) 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా రకం కాఫీ మనకు చేరువలోనే ఉన్నా, నేను కొన్న పొట్లాల్లో చాలావాటిపై ప్యాకింగ్ తేదీయే తప్ప గింజలు వేయించిన తేదీ లేదు. దానిని కూడా ముద్రించాలని కాఫీ బోర్డు వ్యాపారులకు సూచించాలి.

— ఒక పాఠకుడు, విశాఖపట్నం