ముప్పై ఏళ్ల కిందట పోయిన డబుల్ బ్యారెల్: ఆచూకీ తేల్చిపెట్టిన వారందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం.

మా తాతగారి పన్నెండు బోర్ (బోర్ అంటే గొట్టం లోపలి కొలత) డబుల్ బ్యారెల్ తుపాకీ ఇంట్లోంచి దొంగతనం పోయి ముప్పై ఏళ్లు దాటింది. వేరే కేసులో ఎప్పుడో జప్తయి, నంబర్ లేని తుపాకీగా కోర్టు ప్రాపర్టీ గదిలో పడి ఉన్నది మాదేనని ఇన్నాళ్లకు తేలింది. కోర్టు ఉత్తర్వు కూడా వచ్చింది. ప్రస్తుతం అది లైసెన్సున్న డీలర్ దగ్గర డిపాజిట్‌లో ఉంది. దీనికి సాయం చేసిన రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్ గారికి, కోర్టు రికార్డు గది అటెండర్ అన్నకు, ఉర్దూ మాస్టారికి, పాత తుపాకుల దుకాణం వారి కుటుంబానికి, ఫోరెన్సిక్‌లో పనిచేసి రిటైరైన మేడమ్ గారికి, మా వకీలు గారికి ఇంటిల్లిపాదీ చేతులెత్తి మొక్కుతున్నాం. పేర్లు రాయొద్దని వాళ్లే అన్నారు. అందుకని పేర్ల బదులు వాళ్లు నేర్పిన పని రాస్తున్నాం. పాత ఎఫ్‌ఐఆర్ కాగితం బీరువాలో పెట్టి ఆశ వదులుకున్న ఇల్లు ఒక్కటైనా దీనివల్ల కదిలితే వాళ్ల రుణం కొంత తీరినట్టే.

హెడ్ కానిస్టేబుల్ గారు మొదటి రోజే ఒక మాటన్నారు: "తుపాకీ తర్వాత, ముందు క్రైమ్ నంబర్ పట్టుకురండి." క్రైమ్ నంబరూ (స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్‌కు వేసే వరుస సంఖ్య) సంవత్సరమూ తెలిస్తేనే స్టేషన్‌లో పాత కాగితం కదులుతుంది. ఈ నంబర్లు ఏటా జనవరిలో మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి. దొంగతనం డిసెంబరు చివర్లో జరిగి ఫిర్యాదు నాలుగు రోజులు ఆలస్యమైతే కేసు మరుసటి ఏడాది లెక్కలో ఉంటుంది. తుపాకీ పోయిన సంవత్సరం పట్టుకుని వెతికితే ఎంత వెతికినా దొరకదు. రెండో చిక్కు హద్దులది. హైదరాబాద్ శివార్లలో ఒకప్పుడు రంగారెడ్డి జిల్లా పోలీసుల కింద ఉన్న ప్రాంతాలు తర్వాత సైబరాబాద్‌లోకి వచ్చాయి, 2016లో రాచకొండ ఏర్పడ్డాక మళ్లీ మారాయి. ఇంటి అడ్రసు ఇవాళ ఏ స్టేషన్ కిందికి వస్తుందో చూసి అక్కడికే వెళ్తే పాత రికార్డు దొరకకపోవచ్చు. ఆ రోజు ఏ స్టేషన్ హద్దో, దాన్ని ఎప్పుడు విడగొట్టారో ముందు కనుక్కోవాలి. రైల్లో పోయిన తుపాకీ అయితే రైల్వే పోలీసుల దగ్గర చూడాలి.

స్టేషన్‌లో దొరకకపోయినా దారి మూసుకుపోదు. ఎఫ్‌ఐఆర్ ప్రతి ఒకటి అప్పట్లోనే మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్లి ఉంటుంది. మా ప్రతి అక్కడే దొరికింది. అటెండర్ అన్న మేం చెప్పిన ఏడాదితో ఆగకుండా దానికి ముందు ఏడాది కట్ట, తర్వాతి ఏడాది కట్ట కూడా విప్పి చూశాడు. తర్వాతి ఏడాది కట్టలోనే ఉంది. ఆ దుమ్ములో రెండు పూటలు కూర్చున్నందుకు అన్నకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. సమాచార హక్కు దరఖాస్తు కూడా పనికొస్తుంది: కమిషనరేట్ స్థాయికి 10 రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. "మా తుపాకీ కేసు ఏమైంది" అని అడిగితే దర్యాప్తుకు ఆటంకమని తిప్పి పంపే వీలుంది. "ఫలానా క్రైమ్ నంబర్ తుది నివేదిక నకలు, ఫిర్యాదుదారుకు ఇచ్చిన నోటీసు నకలు" అని కాగితం పేరు పెట్టి అడగాలి.

దొంగ దొరకలేదని మూసేసిన కేసు చచ్చిపోయినట్టు కాదని కూడా హెడ్ కానిస్టేబుల్ గారే చెప్పారు. కొత్త ఆధారం వస్తే పోలీసులు కోర్టుకు తెలియజేసి దర్యాప్తు కొనసాగించవచ్చు. కేసులు నడిపే పద్ధతి చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో అది సెక్షన్ 173(8), దాని బదులు 2024 జూలై 1 నుంచి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 193(9). ఇంట్లోంచి పోయిన దొంగతనానికి పాత ఐపీసీ 380 కింద ఏడేళ్ల వరకు శిక్ష ఉంది గనుక కోర్టు కేసును విచారణకు తీసుకోవడానికి మూడేళ్ల కాలపరిమితి అడ్డు రాదు. బయట పోయిన వస్తువుకు పెట్టే 379కి మాత్రం ఆ అడ్డు వస్తుంది. అందుకే ఎఫ్‌ఐఆర్‌లో ఏ సెక్షన్ రాశారో మొదటే చూసుకోవాలి. అసలు ఫిర్యాదే ఇవ్వని ఇళ్లవారు ఇప్పుడైనా ఆలస్యానికి కారణం రాసి ఇవ్వడం మంచిది. పోయిన ఆయుధం గురించి వెంటనే దగ్గర్లోని స్టేషన్‌లో చెప్పడం లైసెన్సు షరతుల్లోనే ఉంది.

ఇక తుపాకీ నంబర్. మా కేసంతా ఒక్క అంకె దగ్గర ఆగిపోయి ఉంది.

మా దగ్గరున్న లైసెన్సు పుస్తకంలో నంబర్ ఇంగ్లీషు అంకెల్లో ఉంది. అది నిజాం సర్కారు నాటి ఉర్దూ లైసెన్సు చూసి 1948 తర్వాత ఎత్తి రాసింది. ఉర్దూ మాస్టారు పాత కాగితాన్ని కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూపించారు: నిలువు గీత తల మీద ఒక పన్ను ఉంటే రెండు, రెండు పళ్లుంటే మూడు. కలం కాస్త ఒత్తి రాస్తే ఆ రెండో పన్ను మొదటిదాంట్లో కలిసిపోతుంది. ఎత్తి రాసినవారు మూడును రెండుగా చదివారు. ఉర్దూ సున్నా ఒట్టి చుక్క, నంబర్ చివర ఉంటే సిరా మరకనుకుని వదిలేస్తారు. ఉర్దూ ఐదు గుండ్రంగా ఉండి ఇంగ్లీషు సున్నాలా కనిపిస్తుంది. రాత కుడి నుంచి ఎడమకు నడిచినా అంకెలు మాత్రం ఎడమ నుంచి కుడికే చదవాలి, ఇది తెలియక నంబర్‌ను తిరగేసినవారూ ఉన్నారట. తేదీలు నిజాం సర్కారు వాడిన ఫసలీ సంవత్సరాల్లో ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, ఏడాది అక్టోబరులో మొదలవుతుంది. అంటే 1352 ఫసలీ 1942 అక్టోబరు నుంచి 1943 అక్టోబరు దాకా. తాతల నాటి తుపాకీ ఉన్న హైదరాబాద్ ఇళ్లు ఉర్దూ చదవగల పెద్దవారి చేత ఒకసారి ఆ కాగితం చదివించుకోవాలని మా మనవి.

తుపాకీ మీద నంబర్ ఎక్కడుంటుందో కూడా చాలామందికి తెలియదు. డబుల్ బ్యారెల్ మూడు ముక్కలుగా విడుతుంది: జంట గొట్టాలు, కర్ర బట్‌తో ఉన్న యాక్షన్ (పేల్చే యంత్రం ఉండే భాగం), గొట్టాల కింద బిగించే ముందు కర్ర. మంచి కంపెనీ తుపాకుల్లో మూడింటి మీదా అదే నంబర్ కొడతారు: గొట్టాల అడుగున తూటా పెట్టే చివర చదునైన చోట, యాక్షన్ మీద లేదా ట్రిగ్గర్ గార్డు తోక మీద, ముందు కర్ర లోపలి ఇనుము మీద. గొట్టాల అడుగునే ప్రూఫ్ ముద్రలూ (గొట్టం బలం పరీక్షించాక కొట్టేవి) బోర్ కొలతలూ ఉంటాయి. బర్మింగ్‌హామ్ తుపాకుల మీద 12, 13 అని కనిపించేవి బోర్ కొలతలే. వాటిని నంబర్‌లో కలిపి రాసిన లైసెన్సులు ఉన్నాయని దుకాణం వారు చెప్పారు. రివాల్వర్లలో ఇంకో పొరపాటు జరుగుతుంది. కొన్ని అమెరికన్ రివాల్వర్ల సిలిండర్ పక్కకు తెరిచినప్పుడు లోపల కనిపించే నంబర్ ఫ్యాక్టరీలో భాగాలు జత చేయడానికి కొట్టింది, అసలు నంబర్ పిడి అడుగున ఉంటుంది. చూడటానికి వీలుగా ఉందని లోపలిది రాసేస్తారు.

దొంగలు మా తుపాకీ గొట్టాల మీది నంబర్‌ను ఆకురాయితో అరగదీశారు. ట్రిగ్గర్ గార్డు మీదిదీ పోయింది. ముందు కర్ర ఊడదీసి లోపల చూడాలని వాళ్లకు తట్టలేదు. అక్కడ నంబర్ మిగిలింది, కాకపోతే చివరి అంకెను తుప్పు తినేసింది. జప్తు పంచనామాలో ముందు కర్ర తీసి చూసినట్టు లేదు కాబట్టి "నంబర్ కనబడలేదు" అని రాశారు. ఎవరి కేసుకూ కలవకుండా అది అలా ఉండిపోయింది.

పోలికకు పనికొచ్చింది బట్. పగిలిన చోట రెండు ఇత్తడి పిన్నులు వేసి అతికించినట్టు మా ఎఫ్‌ఐఆర్‌లో ఒక్క వాక్యం ఉంది. హెడ్ కానిస్టేబుల్ గారి సలహా మేరకు స్టేషన్ వారు ఇతర స్టేషన్లకు పంపిన వివరాల్లో నంబర్ కంటే ముందు ఇదే రాశారు: పన్నెండు బోర్, గొట్టాలు 30 అంగుళాలు, బట్ కుడివైపు రెండు ఇత్తడి పిన్నులు, వాటి మధ్య సుమారు అంగుళం దూరం. తుడిచేసిన నంబర్‌తో వెతకలేం. చెక్కలో దిగిన పిన్నులు ఎక్కడికీ పోవు.

ఫోరెన్సిక్ మేడమ్ గారు చెప్పినవి ఈ విషయంలో ప్రాణం లాంటివి. అంకెను స్టాంపుతో కొట్టినప్పుడు పైకి కనిపించే పల్లం కిందా ఉక్కు నలిగి గట్టిపడుతుంది. పైది అరగదీసినా కింద నలిగిన పొర మిగిలితే అది రసాయనానికి చుట్టూ ఉన్న ఉక్కులా స్పందించదు. ముందు అయస్కాంత పద్ధతి చూస్తారు, దానివల్ల లోహానికి నష్టం ఉండదు. తర్వాత ఆ చోటును అద్దంలా నునుపు చేసి ఫ్రై ద్రావణంతో అద్దుతారు. దాన్ని కలిపే కొలతల్లో ఒకటి: 90 గ్రాముల కుప్రిక్ క్లోరైడ్, 120 మిల్లీలీటర్ల హైడ్రోక్లోరిక్ ఆమ్లం, 100 మిల్లీలీటర్ల నీళ్లు. దూదితో అద్దుతూ పోతే అంకెలు ఒక్కొక్కటిగా పొగమసిలా తేలుతాయి, కొన్ని నిమిషాల్లో రావచ్చు, గంటలు పట్టవచ్చు. తేలింది తేలినట్టే మాయమయ్యేదీ ఉంటుంది. అందుకే ఏటవాలు వెలుతురులో అప్పటికప్పుడు ఫొటో తీయాలి. 3కీ 8కీ, 5కీ 6కీ తేడా తేల్చడం కష్టమైన చోట నిపుణులు ఊహించి రాయరు, అనుమానం ఉందని రాస్తారు. అల్యూమినియం ఫ్రేములకు ఈ ద్రావణం పనికిరాదు, వేరే రసాయనాలు వాడతారు. నలిగిన పొర దాటి లోతుగా అరగదీసినా, డ్రిల్ చేసినా, వెల్డింగ్ పెట్టినా సాధారణంగా ఏమీ రాదు.

ఇది ఇంట్లో చేసే పని కాదు, ప్రైవేటుగా ఇచ్చి చేయించుకునేదీ కాదు. తుపాకీని పోలీసులో కోర్టో ల్యాబ్‌కు పంపాలి. రాష్ట్ర ల్యాబ్ రెడ్ హిల్స్‌లో ఉంది, కేంద్ర ల్యాబ్ రామంతాపూర్‌లో. మేడమ్ గారు మరీ మరీ చెప్పిన జాగ్రత్త ఒకటుంది: గుర్తించడానికి పిలిచినప్పుడు తుప్పు కనిపించిందని గరుకు కాగితంతో రుద్దడం, కిరోసిన్ పోసి తుడవడం చేయకూడదు, ఎవరినీ చేయనివ్వకూడదు. ఆ రుద్దుడుకే మిగిలిన పొర పోతుంది. మా తుపాకీ గొట్టాల మీద చివరి అంకెలు తేలాయి, ముందు కర్ర ఇనుము మీద మొదటి అంకెలు ఉన్నాయి. రెండూ కలిపితే పూర్తి నంబర్ వచ్చింది. అందులో మా లైసెన్సులో రెండు ఉన్న చోట మూడు ఉంది.

ఇక వకీలు గారి పని. విచారణ నడుస్తుండగా వస్తువు కావాలంటే పాత సీఆర్‌పీసీ సెక్షన్ 451, ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్ 497. కేసు ముగిశాక 452, ఇప్పటి 498. కోర్టు విచారణకు రాకుండా పోలీసుల చేతిలో ఉన్నదానికి 457, ఇప్పటి 503. యజమాని ఎవరో తెలియకపోతే మేజిస్ట్రేట్ ప్రకటన ఇస్తారు, ఆరు నెలల్లో ఎవరూ రాకపోతే వస్తువు ప్రభుత్వం చేతికి వెళ్లవచ్చు. అందుకని తుపాకీ కనబడిందని తెలిసిన రోజే పిటిషన్ వేయాలి, ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా ఆగకూడదు. జప్తు వస్తువుల్ని స్టేషన్లలో ఏళ్ల తరబడి ఉంచొద్దని సుప్రీంకోర్టు 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో చెప్పిన మాట పిటిషన్‌లో ఉదహరించారు. జత చేసిన కాగితాలు: ఎఫ్‌ఐఆర్ ధ్రువీకృత నకలు, పాత లైసెన్సు, దాని ఉర్దూ మూలం, తర్జుమా, మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసుల నిరభ్యంతర పత్రాలు. తక్కువైంది ఒక్కటే: లైసెన్సులోని అంకె తప్పని చెప్పే స్వతంత్ర సాక్ష్యం.

కోర్టు ఉత్తర్వు వచ్చినంత మాత్రాన తుపాకీని ఇంటికి తెచ్చుకోకూడదు. ఉత్తర్వు యాజమాన్యం చెబుతుంది, లైసెన్సు వేరు. వారసుల్లో ఎవరి పేరనైనా లైసెన్సు వచ్చేదాకా ఆయుధాల చట్టం సెక్షన్ 21 ప్రకారం స్టేషన్‌లోనో డీలర్ దగ్గరో డిపాజిట్ చేయాలి. లైసెన్సు లేకుండా పట్టుకెళ్లడం నేరమే, తాతగారిదైనా సరే. వారసులకు లైసెన్సు గురించి 2016 ఆయుధాల నియమాల్లో 25వ నియమం ఉంది. దరఖాస్తుదారుకు 21 ఏళ్లు నిండాలి, 2019 సవరణ తర్వాత ఒకరి పేరు మీద రెండు ఆయుధాలకు మించి కుదరదు. ఇప్పటికే రెండున్నవారు దీన్ని ఆలోచించుకునే పిటిషన్ ఎవరి పేరు మీద వేయాలో నిర్ణయించుకోవాలి. ఆయుధ లైసెన్సుల జాతీయ డేటాబేస్‌లో సరైన నంబరే ఎక్కేలా చూసుకోవడం మరిచిపోవద్దు. లేకపోతే పాత తప్పే మళ్లీ కొత్త కాగితంలోకి వస్తుంది.

కాల్చి చూడాలనే ఆలోచన అసలే వద్దు. పాత ఇంగ్లీషు పన్నెండు బోర్లలో చాలావాటికి తూటా గది రెండున్నర అంగుళాలే ఉంటుంది. మిల్లీమీటర్లలో దాన్ని 65గా చెబుతారు. ఇప్పటి 70 మిల్లీమీటర్ల తూటా అందులో పట్టినట్టే పడుతుంది, కానీ కాల్చినప్పుడు దాని మూతి విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. అలల గీతల డమాస్కస్ గొట్టాలైతే మరింత భయం. లోపల తుప్పు గుంతలు ఎంత లోతో ఆర్మరర్ (తుపాకులు బాగుచేసే నిపుణుడు) కొలిచి చెప్పేదాకా అది గోడకు కూడా వద్దు, డీలర్ బీరువాలోనే ఉండాలి.

చివరగా, ఆ స్వతంత్ర సాక్ష్యం ఇచ్చిన దుకాణం వారి కుటుంబానికి. దుకాణం మూతపడి చాలాకాలమైంది. అయినా అమ్మకాల రిజిస్టర్లు ఒక్కటీ తూకానికి వేయకుండా ఇనప్పెట్టెలో, వేపాకు పొరల మధ్య దాచి ఉంచారు. మాస్టారు అడగగానే ఆ ఇంటి పెద్దావిడ 1352 ఫసలీ పుస్తకం తీయించి, పేజీ తిప్పి, తాతగారి పేరు మీద వేలు పెట్టారు. పక్కనే కంపెనీ, 30 అంగుళాలు, నంబర్. మూడు అంకె తల మీద రెండు పళ్లూ విడివిడిగా, ఇప్పుడే రాసినట్టున్నాయి. ఆ పుస్తకాన్ని స్వయంగా కోర్టుకు తెచ్చి, ఉదయం నుంచి సాయంత్రం దాకా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నందుకు, అమ్మా, మీకు మా అందరి పాదాభివందనాలు.