రీగన్ తగ్గించిన పన్నులే గుర్తున్నాయా, పెంచినవో?

సంపాదకులకు నమస్కారం.

బడ్జెట్ చర్చల సందర్భంగా పోయిన వారం మీ సంపాదకీయ పుటలో అమెరికా మాజీ అధ్యక్షుడు రొనాల్డ్ రీగన్ మీద వచ్చిన ప్రశస్తి చదివాను. విషయం తెలిసినవారు ఎవరైనా జవాబు రాస్తారని ఎదురుచూశాను గానీ, ఎవరికీ తీరిక చిక్కినట్టు లేదు. రీగన్ పన్నులు తగ్గించారనీ, ప్రభుత్వాన్ని కుదించారనీ, ద్రవ్యోల్బణాన్ని అణచివేశారనీ, మన పాలకులకు ఆపాటి ధైర్యం లేదనీ వ్యాసకర్త తీర్పు. ఇందులో మొదటి మాట సగమే నిజం, రెండోది నిజం కాదు, మూడోదాని ఘనత చాలావరకు వేరొకరిది.

1981 ఆగస్టు చట్టం వ్యక్తిగత ఆదాయపు పన్ను గరిష్ఠ రేటును 70 శాతం నుంచి 50 శాతానికి దించిందనీ, 1986 సంస్కరణ దానిని 28 శాతానికి తెచ్చిందనీ వ్యాసకర్త రాసింది సరైనదే. అయితే ఆ రెండింటి నడుమ ఉన్న అయిదేళ్లూ ఆయన పంచాంగంలో లేవు కాబోలు! లోటు అదుపు తప్పుతున్నదని తెలియగానే, మొదటి చట్టం మీద సంతకం చేసిన ఏడాదికే, 1982లో, అదే రీగన్ పన్నులు పెంచే చట్టం మీద సంతకం చేశారు. మరో చట్టంతో గాలన్ పెట్రోలు మీద 4 సెంట్లున్న కేంద్ర పన్నును 9 సెంట్లు చేశారు. 1983లో సామాజిక భద్రత నిధి కోసం జీతాల మీద పన్ను పెంచారు, పూర్తి పింఛను వయసును క్రమంగా 67 ఏళ్లకు జరిపే ఏర్పాటూ అందులోనే ఉంది. 1984లో మరో పెంపు వచ్చింది. ఆఖరుకు వ్యాసకర్త అంతగా మురిసిపోయిన 1986 చట్టమే, వాటాలూ ఆస్తులూ అమ్మగా వచ్చిన లాభం మీద గరిష్ఠ పన్నును 20 నుంచి 28 శాతానికి పెంచింది. ఈ ముక్క మన స్టాక్ మార్కెట్ పండితుల చెవిన వేస్తే రీగన్ పటం గోడ మీద నిలుస్తుందో లేదో చూడాలి.

ఇక ప్రభుత్వాన్ని కుదించడం. ఈ సంక్షోభంలో ప్రభుత్వం పరిష్కారం కాదు, ప్రభుత్వమే సమస్య అని 1981 జనవరి 20న ప్రమాణ స్వీకార వేళ ఆయన అన్న మాట వాస్తవమే. విద్య, ఇంధన శాఖలను ఎత్తివేస్తానని ఎన్నికల్లో చెప్పిన మాటా వాస్తవమే. ఎనిమిదేళ్ల తర్వాత చూస్తే ఆ రెండు శాఖలూ చెక్కుచెదరలేదు సరికదా, మాజీ సైనికుల వ్యవహారాలకు మంత్రివర్గ హోదా గల కొత్త శాఖను ఏర్పరచే చట్టం మీద కూడా ఆయన సంతకమే ఉంది. రక్షణ ఖర్చు ఎటూ పెరిగింది. ఆయన వచ్చేనాటికి లక్ష కోట్ల డాలర్లకు లోపున్న కేంద్ర ఋణం దిగిపోయేనాటికి 2.6 లక్షల కోట్లు దాటింది. ఈ అంకెలన్నిటితో నిజంగా ఏం జరుగుతున్నదో తమలో ఎవరికీ అర్థం కావడం లేదని ఆయన బడ్జెట్ అధికారి డేవిడ్ స్టాక్‌మన్ స్వయంగా ఒక విలేఖరితో చెప్పి చివాట్లు తిన్నారు. అక్కడివారికి అర్థం కానిది మన వ్యాసకర్తకు ఒక్క పేరాలో అర్థమైపోయింది!

ద్రవ్యోల్బణం 1980లో 13.5 శాతం, 1983లో 3.2 శాతం. దానిని దించినది అమెరికా కేంద్ర బ్యాంకైన ఫెడరల్ రిజర్వ్ అధిపతి పాల్ వోకర్. ఆయనను 1979లో నియమించినది రీగన్‌కు ముందటి అధ్యక్షుడు జిమ్మీ కార్టర్. వడ్డీ రేట్లు 20 శాతం దాకా వెళ్లాయి, 1982 చివరికి నిరుద్యోగం 10.8 శాతానికి చేరింది, ఆ ఏడాది ప్రతినిధుల సభ ఎన్నికల్లో రీగన్‌ది అయిన రిపబ్లికన్ పార్టీ ఇరవైకి పైగా స్థానాలు పోగొట్టుకుంది. అంత జరిగినా రీగన్ వోకర్ చేయి పట్టుకుని ఆపలేదు, 1983లో తిరిగి నియమించారు కూడా. ఈ ఘనత రీగన్‌కు ఇవ్వవలసిందే, కానీ వ్యాసంలో వోకర్ పేరే లేదు. విమానయానం మీద నియంత్రణలు 1978లో, లారీ, రైలు రవాణా మీద 1980లో సడలించినది కూడా కార్టరే. దానిని సైతం రీగన్ పద్దులోనే జమకట్టారు.

సమ్మె చేసిన 11 వేల మందికి పైగా విమాన నియంత్రణ సిబ్బందిని 1981లో తొలగించడాన్ని వ్యాసకర్త ధైర్యమన్నారు. కేంద్ర ఉద్యోగులు సమ్మె చేయరాదన్నది అక్కడి చట్టమే, కాదనను. అంతకు ముందు ఏడాది ఎన్నికల్లో రీగన్‌కు మద్దతు ప్రకటించిన సంఘం అదేనని కూడా పాఠకులకు చెప్పి ఉండవలసింది.

కథను 1988 దగ్గర ఆపడమూ తెలివైన పనే. రీగన్ పథకాన్ని 1980లో ఊడూ మంత్రతంత్రమని ఎగతాళి చేసిన పెద్ద బుష్, ఆయన పక్కనే ఎనిమిదేళ్లు ఉపాధ్యక్షుడిగా ఉండి, కొత్త పన్నులుండవని మాటిచ్చి గెలిచి, 1990లో లోటుకు భయపడి గరిష్ఠ రేటును 31 శాతం చేశారు, 1992లో ఓడిపోయారు. క్లింటన్ 1993లో రిపబ్లికన్ల ఓటు ఒక్కటి కూడా లేకుండా దానిని 39.6 శాతానికి పెంచినప్పుడు ఆర్థిక వ్యవస్థ కూలిపోతుందని జోస్యాలు చెప్పారు. 1998 నుంచి బడ్జెట్‌లో మిగులు కనిపించింది. అది పన్నుల వల్లనే వచ్చిందని నేననను. కంప్యూటర్ల విజృంభణ కూడా తోడయింది. కానీ జోస్యం మాత్రం తప్పింది.

ఆ కంప్యూటర్ల విజృంభణ కోసమే మన పిల్లలు వేల సంఖ్యలో అక్కడికి వెళ్లారు. పెద్ద బుష్ సంతకం చేసిన 1990 చట్టంతో వచ్చిన హెచ్-1బీ వీసా మన పల్లెటూళ్లలో సైతం తెలియనివారు లేరు. ఇంటికొకరు చొప్పున అమెరికాలో ఉండి కూడా ఆ దేశపు ఆర్థిక చరిత్రను ఇలా చెప్పుడు మాటలుగా చదువుకోవలసి రావడం మన పత్రికల స్థితి. పంచదార ధర రూపాయి తప్పు పడితే మర్నాడు సవరణ వేసే మీరు, పేరు వెనుక పట్టాలున్నవారు పంపిన వ్యాసాన్ని అచ్చుకు ముందు ఒక్కసారి సరిచూసే మనిషిని పెట్టలేరా? బడ్జెట్ రోజున టీవీల ముందు కూర్చునే నాయకులు ఇలాంటి వ్యాసాల్లోంచే రెండు వాక్యాలు ఏరుకుని, ఆర్థిక శాస్త్రం చదివినట్టు మాట్లాడుతున్నారు, అధికారులు తలలూపుతున్నారు.

మన పాలకులకు లేదన్న ఆ ధైర్యం విషయానికి వస్తే, లెక్క తప్పిందని తేలగానే ఏడాది తిరిగేసరికి వెనక్కి తగ్గి పన్ను పెంచడమే రీగన్ చూపిన ధైర్యమని నా అభిప్రాయం. దాన్ని మెచ్చుకోదలచుకుంటే వ్యాసకర్త మళ్లీ రాయవచ్చు.

మరో సవరణ. 1981 చట్టం మీద రీగన్ శ్వేతసౌధంలో సంతకం చేసినట్టు బొమ్మ కింద వేశారు. ఆ సంతకం జరిగింది ఆగస్టు 13న, కాలిఫోర్నియాలోని ఆయన సొంత పశువుల క్షేత్రంలో. కనీసం ఇదైనా సవరించి వేయగలరు.

భవదీయుడు,
విశ్రాంత అర్థశాస్త్ర అధ్యాపకుడు,
గుంటూరు