మంగమారిపేట మామ్మకి, నా పరుగుకి సాయపడ్డ అందరికీ

అందరికీ నమస్కారం. ఆదివారం విశాఖ నేవీ మారథాన్‌లో 42.195 కిలోమీటర్లూ పూర్తి చేశాను. తలసేమియా (ఒంట్లో రక్తం సరిగ్గా తయారవక మాటిమాటికీ ఎక్కించాల్సి వచ్చే జబ్బు) ఉన్న పిల్లల కోసం మీరంతా వేసిన డబ్బు ఈ పొద్దుటికి లక్షా ఎనభై వేలు దాటింది. రక్తం ఎక్కించేటప్పుడు వాడే ఫిల్టర్లకి, ఒంట్లో పేరుకునే ఐరన్‌ని బయటికి పంపే మందులకి అది ఖర్చవుతుంది. బిల్లులు రాగానే అందరికీ చూపిస్తాను. తొడలు పట్టేసి మెట్లు వెనక్కి తిరిగి దిగుతున్నాను, నిన్నటి నుంచి సరిగ్గా నిద్ర లేదు. అయినా ఇది ఇవాళే రాయాలనిపించింది.

మా ఆయనకి, అత్తయ్యకి, పిల్లలకి, అక్కాబావలకి వేరే చెప్పక్కర్లేదు. మీరు లేకపోతే నేను గడప దాటేదాన్నే కాదు.

భీమిలి దారిలో సముద్రం ఒడ్డున ఉన్న జాలర్ల ఊరు మంగమారిపేటలో ఒక మామ్మ ఉంది. ఆవిడ ఫోన్లో ఇలాంటివి చదవదు. అయినా ఆవిడ గురించి ఊరందరికీ తెలియాలి.

లాంగ్ రన్ ఉన్న రోజు సాగర్‌నగర్‌లో బయల్దేరి బీచ్ రోడ్డు పట్టుకుని భీమిలి వైపు వెళ్లేదాన్ని. వేసవిలో మన విశాఖ ఎలా ఉంటుందో తెలిసిందే కదా, తెల్లారకముందే ఉక్కపోత, ఆరని చెమట. ఏప్రిల్‌లో ఒకరోజు, చేపలు ఎండబెట్టే చోటు దగ్గర కుక్కల గుంపు చుట్టేసింది. ముందుకీ వెళ్లలేను, వెనక్కీ రాలేను. ఇసుకలోంచి ఒకావిడ కర్ర పట్టుకుని వచ్చింది. అరవై ఎప్పుడో దాటి ఉంటాయి. "ఓలమ్మా, పరిగెడితే కరుత్తాయి. నడు, నానొత్తాను" అని కుక్కలున్నంత మేరా నా పక్కనే నడిచింది. ఆ తర్వాత నేను వెళ్లిన ప్రతిసారీ, నా కోసమే అన్నట్టు రోడ్డు పక్కన కూర్చుని ఉండేది. తిరుగు దారిలో ఆపి సత్తు గ్లాసుతో చోడంబలి (రాగి అంబలి) ఇచ్చేది. ఉప్పు కాస్త ఎక్కువ, మజ్జిగ, పైన పచ్చి ఉల్లిపాయ ముక్కలు. రన్నర్ల కోసమని అమ్మే జెల్‌లు చాలా తిన్నాను గానీ, ఆ గ్లాసు తాగాక కాళ్లలోకి వచ్చిన సత్తువ వాటితో ఎప్పుడూ రాలేదు. డబ్బులిస్తే తీసుకునేది కాదు.

ఎందుకీ పరుగని ఒకరోజు అడిగింది. మా అక్క కొడుకు సంగతి చెప్పాను. వాడికి మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలని, బతికినన్నాళ్లూ అంతేనని. ఆవిడ ఇంకేమీ అనలేదు, గ్లాసు ఇంకోసారి నింపింది.

మే నెలలో కాలేజీలకి సెలవులిచ్చేస్తారు. రక్తదాన శిబిరాలు ఎక్కువగా కాలేజీ పిల్లల మీదే నడుస్తాయి కాబట్టి అవీ ఆగిపోతాయి. ఎర్ర రక్తకణాలు 42 రోజులకి మించి నిల్వ ఉండవు, ఏప్రిల్ మొదట్లో ఇచ్చింది జూన్ దాకా దాచుకుందామంటే కుదరదు. సరిగ్గా ఆ రోజుల్లోనే, నేను మంగమారిపేటలో ఉండగా అక్క ఫోన్ చేసింది. బాబుకి హిమోగ్లోబిన్ 6.8కి పడిపోయింది, రక్తనిధిలో బి పాజిటివ్ ఒక్క యూనిట్ కూడా లేదట, బదులుగా ఇచ్చేవాళ్లని తెచ్చుకోమన్నారట. నేను అక్కడే గట్టు మీద కూలబడ్డాను. మామ్మ మొత్తం విని, "రగతవేగా? మావోల్లందరూ కాలీగానే ఉన్నారు. ఏట లేదు గదా" అని లేచి వెళ్లిపోయింది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో మోటారు పడవల మీద చేపల వేట నిషేధం. ఆ రెండు నెలలూ పడవలు ఒడ్డునే ఉంటాయి, ఇళ్లలో రాబడి ఉండదు. అలాంటి రోజుల్లో మామ్మ మనవడు, వాడి స్నేహితులు ఒక ఆటో మాట్లాడుకుని, కిరాయి వాళ్లే పెట్టుకుని, రక్తనిధికి వచ్చారు. మామ్మ కూడా వచ్చింది. అందరికంటే ముందు ఆవిడే గాజులు మోచేతి దాకా పైకి తోసుకుని చెయ్యి చాపింది. అరవై దాటినవాళ్ల దగ్గర మొదటిసారి రక్తం తీసుకోకూడదని నర్సమ్మ నెమ్మదిగానే చెప్పింది. మామ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "ఇన్నేల్లు గంపలు మోసిన సెయ్యి. ఇందులో రగతం నేదంటావేటమ్మా?" అంది. అక్కడే గోడకి ఆనుకుని నేను ఏడ్చేశాను. నా బిడ్డ పుట్టినప్పుడు కూడా అంత ఏడవలేదు.

పరీక్షలన్నీ అయ్యాక మర్నాడు బాబుకి రక్తం ఎక్కించారు. చీర పట్టుకెళ్తే మామ్మ పక్కన పెట్టేసి, "బాబు అన్నం తిన్నాడా?" అని అడిగింది. మూడు నెలలు నిండగానే, ఎవరూ అడక్కుండా, ఆ కుర్రాళ్లని మళ్లీ పంపింది. అప్పటికి వేట మొదలైంది. అంటే ఒకరోజు వేట మానుకుని వచ్చారన్నమాట.

ఒక్క మాట అనకుండా ఉండలేను. ఆ రోజు రక్తనిధి కౌంటర్లో కూర్చున్నాయన లుంగీలు చూసి, "మీరు తర్వాత రండి" అని వాళ్లని గంటకి పైగా నిలబెట్టాడు. తలసేమియా పిల్లలకి రక్తం ఉచితంగా ఇవ్వాలి, బదులు అడగకూడదు. అయినా ప్రతిసారీ అడుగుతున్నారు. తల్లీతండ్రీ ఇద్దరూ తలసేమియా వాహకులైతే, అంటే తమకి జబ్బు లేకపోయినా ఆ లోపాన్ని బిడ్డకి ఇవ్వగలిగే వాళ్లైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకి వచ్చే అవకాశం 25 శాతం. వాహకులో కాదో హెచ్‌బిఎ2 అనే రక్తపరీక్షతో ముందే తెలిసిపోతుంది. అక్క కడుపుతో ఉన్నప్పుడు నెలనెలా వెళ్లినా ఆ పరీక్ష పేరు ఒక్క డాక్టరూ చెప్పలేదు. గర్భిణులందరికీ మొదటి నెలల్లోనే ఇది తప్పనిసరి చెయ్యడానికి ఇంకా ఏం అడ్డమో నాకు అర్థం కాదు. పెళ్లి కుదిరిన పిల్లలారా, దయచేసి మీరు చేయించుకోండి.

ఆదివారం ముప్పై కిలోమీటర్లు దాటాక కాళ్లు కదలనన్నాయి. పిక్కలు రాళ్లలా బిగుసుకుపోయాయి. అప్పుడు నేను చేసింది ఒకటే, ఆ చాపిన చెయ్యిని తలుచుకోవడం. సాయంత్రం పతకం మామ్మకి ఇద్దామని వెళ్తే తీసుకుని చూసి, మళ్లీ నా మెళ్లోనే వేసింది.

మిగతావాళ్లు, గబగబా: బరువైన స్కూటీ మీద నీళ్ల సీసాలు మోసుకుని నా వెనకాలే వచ్చిన రన్నర్స్ గ్రూప్ మాస్టారికి, మోకాలు పట్టేసినప్పుడు ఫీజు తీసుకోకుండా చూసిన ఫిజియో చెల్లెమ్మకి, శనివారం డ్యూటీలు మార్చుకున్న ఆఫీసు మిత్రులకి, హుండీ పగలగొట్టి చిల్లరంతా తెచ్చిచ్చిన మా అపార్ట్‌మెంట్ పిల్లలకి చాలా చాలా థాంక్స్. రుషికొండ దగ్గర పొద్దున్నే లారీలు ఆపి నన్ను దాటించే ట్రాఫిక్ కానిస్టేబుల్ గారికి కూడా.

అన్నట్టు మా వీధి టైలరన్న! ఉప్పు బిళ్లలు పెట్టుకోవడానికి టీషర్టుకి లోపల జేబు కుట్టిచ్చాడు. కూలి అడిగితే, పిల్లల డబ్బాలో వేసెయ్యమన్నాడు. వేశానన్నా, నీ పేరు మీదే.