బండ్లు కాదు, గుంత కొలవండి

ఎడిటర్ గారికి,

ఒడిశాలోని పర్లాకిమిడి దగ్గర ఒక నల్లరాయి క్వారీలో నాలుగేళ్లు గేటు దగ్గర కూర్చుని బండ్లు రాసినవాణ్ని. ఇప్పుడు మానేసి కిరాణా కొట్టు పెట్టుకున్నాను కాబట్టి ఈ ఉత్తరం రాసే ధైర్యం వచ్చింది, ఇన్నాళ్లూ ఏం చేశావయ్యా అంటే నా దగ్గర జవాబు లేదు.

క్వారీలో ఏడాదికి ఇన్ని క్యూబిక్ మీటర్లే తీయాలని మైనింగ్ ప్లాన్‌లోనూ పర్యావరణ అనుమతిలోనూ రాసుంటుంది. మా దగ్గర ఆ లెక్కంతా వై ఫారాల మీదే, అంటే బండి రాయి తీసుకెళ్లడానికి ఇచ్చే రవాణా పర్మిట్ల మీదే నడిచేది. ఫారంలో 10 క్యూబిక్ మీటర్లు, పక్క చెక్కలు ఎత్తి బండిలో పోసేది 14. ఇదేంటని అడిగితే మేనేజరు నవ్వి, "రాయి పగిలితే పొంగుతుందయ్యా, కొండలో 10 ఉన్నది బండిలోకొచ్చేసరికి 14 అవుతుంది" అనేవాడు. అందులో అబద్ధం లేదు, అదే తంటా. ముక్కల మధ్య సందులు పడి నిజంగానే ఆ మాత్రం పెరుగుతుంది. మరి ఒకే ఫారం మీద పొద్దున్నే ఒక ట్రిప్పు, దాని టైము అయిపోకముందే ఇంకో ట్రిప్పు వెళ్తే అదే పొంగు? పుస్తకంలో గీత ఒకటి, గేటు దాటిన బండ్లు రెండు, ఆ గీత గీసింది నేనే.

అందుకే బండ్లు లెక్కపెడితే వాదన తప్ప ఏమీ తేలదు. గుంత పొంగదు. తవ్వకముందు కొండ ఎంత ఎత్తుందో సర్వే కాగితాల్లో ఉంది, ఇవాళ్టి ఎత్తు డ్రోన్‌తో కొలిచి తీసేస్తే పోయిన రాయి ఎంతో బయటపడుతుంది. మా క్వారీలో లీజు మూల పిల్లరుకి ఏటా సున్నం కొట్టేవాళ్లు, దాని అవతల కూడా తవ్వేసి పిల్లరును మాత్రం మట్టిదిబ్బ మీద తులసికోటలా నిలబెట్టారు. మెట్లు మెట్లుగా దిగాల్సిన గోడ నిట్టనిలువుగా ఉండేది, దాని కిందే డ్రిల్లు పట్టుకుని కుర్రాళ్లు.

ఇదే ఒడిశాలోని ఇనుప గనుల కేసులో, 2017 ఆగస్టు 2న, అనుమతి పరిమాణం దాటి తీసింది అక్రమమేనని, దాని పూర్తి విలువ కట్టాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది. కియోంజర్ జిల్లా ఇనుముకు పట్టింది మా కంకరకు పట్టదా? అనుమతి తీసుకున్నవాళ్లు ఏటా జూన్ 1కి, డిసెంబరు 1కి షరతుల రిపోర్టు ఇవ్వాలి కదా, ఆ రెండుసార్లూ గుంత కొలత దానికి జతచేయమనండి.

ఇంకోటి, అనుమతి కాపీ మా పంచాయతీ బీరువాలో ఉంది, ఇంగ్లిషులో. గిడుగు రామమూర్తి గారు వాడుక భాష కోసం కొట్లాడింది ఈ పర్లాకిమిడిలో ఉంటూనే. ఈ ఏడాది ఇంత తీయాలి, ఇప్పటికి ఇంత తీశారు అని ఒడియాతో పాటు తెలుగులోనూ పంచాయతీ గోడ మీద రెండు లైన్లు రాయడం అంత కష్టమా?

కొలవడానికి వచ్చే అధికారులు మాత్రం ముందుగా కబురు పెట్టకండి. ఒకసారి అలా తెలిసే మూడు రోజుల ముందు నుంచి గుంతలో నీళ్లు తోడే మోటారు ఆపేశారు, వానాకాలం కదా, వచ్చినవాళ్లకి గుంత బదులు చెరువు కనిపించింది. మోటారు గది తాళం ఆ రోజు నా జేబులోనే ఉంది.

— ఒక పాత క్వారీ గుమాస్తా, పర్లాకిమిడి